పైనాపిల్ కోసం ఆగిన పెంగ్విన్

పోయిన వారం బస్సక్కని టీవీ ముందు మోడా మీద కూర్చోబెట్టి వచ్చేశాం. చేతిలో ఆట రిమోట్ ఉంది, పక్కన తమ్ముడు లేడు. చేతి కట్టు మార్పించుకుని చిటికెలో వచ్చేస్తానని ఆస్పత్రికి వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. తెర మీద పెంగ్విన్ వేషం వేసుకున్న బొద్దు బొమ్మ, దాని పక్కన పైనాపిల్ వేషంలో ఇంకో బొద్దు బొమ్మ. రెడీనా అని ఆట అడుగుతోంది.

మధ్యలో వచ్చి చేరినవాళ్లు కంగారు పడకండి, సంగతి చిన్నదే. బస్సక్క బడిబస్సు నడుపుతుంది. ఆమె తమ్ముడు అద్దాలు కోసే షాపులో పనివాడు. వాడూ, వాడి భార్యా విడిపోయి వేర్వేరు ఊళ్లలో ఉంటున్నారు. కూతురు తల్లి దగ్గర పెరుగుతోంది. ఇంట్లో అందరూ దాన్ని పిడుగు అంటారు, అన్నందుకు అది ఎన్నడూ నొచ్చుకోలేదు. తండ్రీ కూతుళ్లు కలుసుకునేది ఆదివారం సాయంత్రం, ‘బుడుంగు’ అనే ఆన్‌లైన్ ఆటలో. బొమ్మలన్నీ ఒక్కసారిగా పరుగందుకుని, తిరిగే దూలాలు, ఊగే బల్లలు, కాలు పెడితే మాయమయ్యే పలకలు దాటుకుంటూ గీత చేరాలి. జారితే గులాబీరంగు నీళ్లలో బుడుంగున మునిగి, మళ్లీ కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. తుపాకులు లేవు, నెత్తురు లేదు. ముసలీ ముతకా, పిల్లా పీచూ అందరూ ఆడుకోవచ్చు.

ఇంతలో షాపులో పెద్ద అద్దం జారి తమ్ముడి కుడి అరచెయ్యి తెగింది. ఈ మాట అవతలికి తెలిస్తే, చెయ్యి సరిగ్గా లేనివాడు పిల్లనేం చూసుకుంటాడని సెలవులకి పంపరేమోనని వాడి బెంగ. విడిపోయాక పిల్ల మొట్టమొదటిసారి తండ్రి ఇంటికి రావాల్సిన సెలవులవి. అందుకని మైకు పాడైందని అబద్ధం రాసిపెట్టి, రిమోట్ అక్క చేతిలో పెట్టి, తను వెనక నిలబడి ఆడిస్తున్నాడు. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. తమాషాగా అదే వారం అవతలి నుంచి కూడా మైకు పాడైందని కబురొచ్చింది. పెంగ్విన్ లోపల ఉన్నది తండ్రి కాదని అవతల ఎవరికీ తెలియదు. తెలియదనే అక్కాతమ్ముళ్ల నమ్మకం.

బస్సక్క ఒకసారి వీధి తలుపు వైపు చూసింది. తమ్ముడి జాడ లేదు. ఇంక లాభం లేదనుకుని బొటనవేలితో నొక్కేసింది.

బొమ్మలన్నీ ఎగబడ్డాయి. ఆమె కదల్లేదు. తమ్ముడి గొంతు చెవిలో మోగుతూనే ఉంది. "ఈల వెయ్యగానే ఎగబడకక్కా. గుంపులో దూకితే నువ్వు దూకినట్టు కాదు, పక్కవాడు తోసినట్టు. కాస్త ఆగి ఓరగా పో." వాడు చెప్పేటప్పుడు విసుక్కునేది కానీ, చెప్పినదాంట్లో ఒక్క ముక్క పొల్లుపోలేదు ఆమెకి. ముందు గుంపు ఒకరి మీద ఒకరు పడి గోల చేస్తుంటే, పెంగ్విన్ గోడవారన తాపీగా నడిచింది. పైనాపిల్ దాని వెనకే వచ్చింది.

తలుపుల వరస వచ్చింది. వాటిల్లో సగం దొంగ తలుపులు, గుద్దుకుంటే వెనక్కి పడిపోవడమే. "అక్కడ ఆరాటపడకు. ముందు వెళ్లినవాళ్లు తలలు బాదుకుని ఏది అసలుదో తేలుస్తారు. విరిగిన తలుపులోంచి దర్జాగా పో" అని వాడే చెప్పాడు. దర్జాగానే పోయింది. తర్వాత తిరిగే దూలం. అది ఎటు తిరుగుతుంటే అటే నడుస్తూ, కాళ్ల దగ్గరికి వచ్చాకే దూకింది, ముందే కంగారుపడి కాదు. మొదట్లో ఇదే దూలం దగ్గర ఆమె ఎన్నిసార్లు మునిగిందో చెబితే నవ్వుతారు. మొట్టమొదటి రోజైతే ఆట రిమోట్‌ని టీవీ రిమోట్ అనుకుని, చెయ్యి చాచి తెర వైపు గురిపెట్టి నొక్కింది పాపం. తమ్ముడు నవ్వలేక, ఏడవలేక వంటింట్లోకి వెళ్లిపోయాడు.

వాడు చెప్పినవన్నీ వింది కానీ ఒక్కటి మాత్రం వినలేదు. "ఇద్దరిలో ఒకరు గీత దాటినా జట్టు దాటినట్టే. పిడుగు పడితే పడనీ, నువ్వు వెనక్కి చూడకుండా పో" అనేవాడు. సరేరా అనేది. కానీ ఆఖరి పిల్ల మెట్టెక్కి కూర్చునేదాకా బస్సు తలుపు వెయ్యని మనిషాయె! అద్దంలో వెనక సీట్లు చూసుకోకుండా బండి కదిలించడం ఆమెకి చేతకాదు. రిమోట్ మీద వెనక వైపు ఏముందో చూపించే పుల్ల ఒకటి ఉంటుందని కనిపెట్టి, దాన్నే అద్దంలా వాడుకుంటోంది. ప్రతి అడ్డంకీ దాటగానే ఆగి, వెనక్కి తిప్పి, పైనాపిల్ వచ్చిందా లేదా చూసుకుని అప్పుడు కదిలేది. "ఇది బస్సు కాదక్కా!" అని వాడు నెత్తి కొట్టుకునేవాడు. "అలవాటురా" అనేది ఈమె.

ఇవాళ నెత్తి కొట్టుకోడానికి వాడు లేడు. నడిచే పట్టీ దాటి, ఈమె తీరిగ్గా వెనక్కి తిప్పి చూసింది.

పైనాపిల్ పట్టీ అంచున నిలబడి ఉంది. పట్టీ జరజరా కదిలిపోతోంది. మిగతా బొమ్మలు దబదబా ఎక్కేస్తున్నాయి. పైనాపిల్ మాత్రం ఉన్నచోటే రెండు చిన్న గెంతులు వేసి, అప్పుడు కాలు పెట్టింది.

బస్సక్క నోరు తెరుచుకుని ఉండిపోయింది.

పిడుగు అలా ఆగి గెంతే రకం కాదు. అడ్డంకి కనబడితే తలొంచుకుని దూసుకుపోవడమే దానికి తెలుసు. ఉన్నచోట రెండు గెంతులు వేసి కాలు పెట్టే మనిషి ఈ భూప్రపంచంలో ఒక్కతే ఉంది. దుకాణాల్లో కదిలే మెట్లు ఎక్కాలంటే ఆవిడ వెనక ఊరు ఊరంతా నిలబడాల్సిందే. "ఆ మెట్లే నిన్ను చూసి జడుసుకునేలా ఉన్నాయి, ఎక్కు తల్లీ" అని బస్సక్క ఎన్నిసార్లు ఆటపట్టించలేదు! ఆ రోజుల్లో ఆవిడ తమ్ముడి భార్య, తన మరదలు. విడిపోయిన నాటి నుంచీ వాళ్లిద్దరికీ మాటల్లేవు.

ముందు ఊగే బల్ల ఉంది. ఒక కొస బొమ్మలతో నిండిపోయి కిందికి వాలిపోయింది. అది తిరిగి సమంగా వచ్చేదాకా ఎక్కకూడదని తమ్ముడి పాఠం. పెంగ్విన్ ఎక్కలేదు. పైనాపిల్ కూడా ఎక్కలేదు. బల్ల సమంగా వచ్చింది. అయినా రెండూ కదల్లేదు. పక్క నుంచి బొమ్మలు దూసుకుపోతున్నాయి, గడువు కరిగిపోతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. బొమ్మలకి ఉన్నవి రెండు గుండీ కళ్లే కానీ, ఆ చూపు మాత్రం అసలు మనుషులదే.

పందెం ముగిసిపోయింది. ఇద్దరూ ఓడిపోయారని ఆట ప్రకటించి, వాళ్లని తీసుకెళ్లి రంగురంగుల గదిలో పడేసింది. తర్వాతి పందెం దాకా బొమ్మలు ఊసుపోక చేతులూపుకుంటూ ఉండే గది అది.

బస్సక్క హెడ్‌సెట్ తలకి తగిలించుకుంది. మైకు మీట వెతికి పైకి తోసింది. గొంతు సవరించుకుంది.

"ఏయ్, నువ్వేనా?"

అవతల ఫ్యాను తిరుగుతున్న హోరు వినబడింది. అంటే అక్కడి మైకూ నిక్షేపంలా ఉందన్నమాట.

"వదినా?" అంది అవతలి గొంతు, సన్నగా.

"మైకు పాడైందన్నావుగా?"

"మీదీ పాడైందన్నారుగా."

"రెండూ ఒకే వారం పాడయ్యాయి, ఎంత చోద్యమో!" అంది బస్సక్క. అన్నాక నవ్వు ఆగలేదు. అవతల కూడా ఏదో బుస్సుమంది. నవ్వో దగ్గో తెలియలేదు. రెండు క్షణాలాగి, ఇద్దరికీ తాము మాట్లాడుకోని వాళ్లమని గుర్తొచ్చి, మళ్లీ బిగుసుకుపోయారు.

"వదినా, ముందు ఆ డాన్సు ఆపండి."

చూస్తే పెంగ్విన్ నడుం తిప్పుతూ చిందులేస్తోంది. బొటనవేలు ఎక్కడో పడ్డట్టుంది.

"ఏది నొక్కితే ఆగుతుందో నాకు తెలిస్తేగా! నువ్వు దాని మొహం చూడకుండా మాట్లాడు. పిల్లేది?"

"పక్కింట్లో ఆడుకుంటోంది."

"మరి నువ్వెందుకు ఆడుతున్నావ్?"

"మీరెందుకు ఆడుతున్నారు?"

"ముందు నేనడిగాను."

మరదలు కళ్ల డాక్టరు దగ్గర చూపు పరీక్షించే పని చేస్తుంది. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, ఇది నయమా అది నయమా అని రోజంతా మనుషుల్ని అడిగే ఓపిక ఆవిడది. ఇప్పుడు మాత్రం ఏ మాట ముందు పెట్టాలో తేల్చుకోలేక తడబడింది.

"నాకు మొదటి వారమే అనుమానం వచ్చింది వదినా. పెంగ్విన్ ఆగింది."

"ఎక్కడ?"

"ప్రతిచోటా. నేను పడ్డప్పుడల్లా ఆగి, వెనక్కి తిరిగి చూసింది. ఆయన ఎప్పుడూ ఆగలేదు. మనిషి చెడ్డవాడు కాదు, మీకు తెలీదా ఏంటి? కానీ ఆగడు."

ఇంకెవరైనా తమ్ముణ్ణి ఈ మాట అంటే బస్సక్క ఒంటికాలి మీద లేచేది. ఇవాళ లేవలేకపోయింది. ఆ మాటలో కోపం లేదు మరి.

"తెలిసి కూడా ఇన్నాళ్లూ ఊరుకున్నావా?"

"చెప్తే ఆట ఆగిపోతుందని భయమేసింది. అది కూడా ఆగిపోతే వాళ్లిద్దరి మధ్యా ఇంకేముంటుంది, మీరే చెప్పండి."

"మరి పిల్లే ఆడొచ్చుగా?"

మరదలు నిట్టూర్చింది. "అది ఆడనంటోంది. ఆఖరిసారి ఆడినప్పుడు ఇదే బల్ల దగ్గర కాలు జారింది. నాన్నా, నాన్నా అని పిలుస్తూ చేతులూపింది. ఆయన చూడకుండా వెళ్లి గీత దాటేసి, గెలిచాం గెలిచాం అని ఒకటే కేకలు. ఆటలో అది గెలుపే, నాకూ తెలుసు. పిల్లకి కాదు. రిమోట్ టీవీ కింద పెట్టేసి వెళ్లి పడుకుంది. మర్నాడు ఏమందో తెలుసా? ‘సెలవులకి అక్కడికి వెళ్లనమ్మా. నాన్న ముందెళ్లిపోతాడు, నేను వెనకే ఉండిపోతాను’ అంది."

ఆ రోజు తనూ ఈ ఇంట్లోనే ఉంది. తమ్ముడు సంతోషం పట్టలేక గంతులేసుకుంటూ వచ్చి, "మా పిడుగూ నేనూ కప్పు కొట్టాం" అని చెప్పిన సంగతి ఆమెకి బాగా తెలుసు. వాడు నిజంగానే ఇద్దరి కోసం పరిగెత్తాననుకున్నాడు. వెనక ఎవరూ లేరన్న సంగతే వాడికి తట్టలేదు.

"ఇది చెప్తే ఆయన కుంగిపోతాడు. నేనే పిల్లకి నూరిపోశాననుకుంటాడేమోనని కూడా భయం. రెండు మూడు వారాలు నెట్టుకొస్తే పిల్లే మెత్తబడుతుందిలే అనుకున్నాను. అందుకే మైకు పాడైందని రాశాను. ఇప్పుడు మీరు చెప్పండి, మీకేం వచ్చింది?"

బస్సక్క ఒట్టు గుర్తు తెచ్చుకుంది. తెచ్చుకుని, పక్కన పెట్టింది. ఇంత విన్నాక ఇంకా దాచితే తను మనిషే కాదు.

"వాడి కుడి అరచెయ్యి తెగిందమ్మాయ్. షాపులో అద్దం జారింది. వేళ్లు ఇంకా సరిగ్గా ముడుచుకోవట్లేదు. నీకు తెలిస్తే పిల్లని పంపవని, వాడి భయం వాడిది."

"అయ్యో!" అంది మరదలు. ఆ ఒక్క మాటలో పాత కాపురం అంతా వినబడింది. "ఎలా ఉన్నాడు? అన్నం ఎలా తింటున్నాడు? పిచ్చి మనిషి, చెయ్యి తెగితే పిల్లని పంపకపోవడమేంటి? నన్ను అంత రాక్షసి అనుకున్నాడా?"

"అనుకున్నాడు. కొంచెం నేనూ అనుకున్నాను" అంది బస్సక్క. ఉన్నమాట చెప్పడానికి ఆమెకి మొహమాటం లేదు.

అవతల ఈసారి స్పష్టంగా నవ్వు వినబడింది, మధ్యలో ముక్కు ఎగబీల్చిన చప్పుడుతో సహా.

వెనక నేల మీద చెప్పుల అలికిడి అయ్యేసరికి బస్సక్క ఉలిక్కిపడి తిరిగింది. తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చేతికి కొత్త తెల్ల కట్టు. ఎప్పుడొచ్చాడో తెలియదు. హెడ్‌సెట్ తగిలించుకుందే గానీ, టీవీ గొంతు తగ్గించడం ఆమెకి తోచలేదు. మరదలి మాటలన్నీ గదంతా వినబడుతూనే ఉన్నాయి. వాడి మొహం చూస్తే ఎంత విన్నాడో అడగక్కర్లేదు. మొత్తం విన్నాడు.

"ఏరా..." అంది.

వాడు తెర వైపే చూస్తున్నాడు. "ఆ గోలలో దాని పిలుపు వినబడలేదక్కా. నిజంగా దాని చెయ్యి నాకు కనబడలేదు" అన్నాడు మెల్లగా.

సరిగ్గా అప్పుడే అవతల తలుపు దబ్బున తెరుచుకుంది. అలా తలుపు తెరిచేది ఆ ఇంట్లో ఒక్కతే.

"అమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్? అది అత్త గొంతు కదా? మైకు పనిచేస్తోందా?" ఒక ప్రశ్నకి జవాబు రాకముందే ఇంకోటి. "చెయ్యి తెగిందని బయటికి వినబడింది, ఎవరిది?"

పెంగ్విన్ మాత్రం సిగ్గు లేకుండా చిందులేస్తూనే ఉంది.

"అత్తా, నాన్న చెయ్యా?" ఈసారి గొంతు చిన్నదైపోయింది.

"నా చెయ్యే తల్లీ" అన్నాడు తమ్ముడు. బస్సక్క తల మీద హెడ్‌సెట్ తీసి తను పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో కాబట్టి చెవి దగ్గర మెలిపడింది. ఆమె సర్దబోతే వద్దన్నాడు. "ఇన్నాళ్లూ అత్త చేత ఆడించాను. నీకు అబద్ధం చెప్పాను."

"నేనూ ఆడలేదుగా" అంది పిడుగు. తనే అడిగింది. "మళ్లీ బాగవుతుందా?"

బస్సక్కకి ఛెళ్లుమని తగిలిందా ప్రశ్న. గోడవారన నడవడం, దూలం దాటడం, దొంగ తలుపులు కనిపెట్టడం, ఇన్ని నేర్చుకుంది కానీ, ఈ ఒక్కటీ వాణ్ణి ఇంతవరకూ అడగలేదు. గాయమన్నాక మానుతుందిలే అనుకుంది, అంతే. ఇప్పుడు తమ్ముడి మొహం చూసింది. వాడు ఎడమ చేత్తో తెల్ల కట్టుని నిమురుకుంటున్నాడు.

"అది నీకు చెప్పాలి. నీకు ఒక్కదానికే" అన్నాడు వాడు చివరికి. "అమ్మని కాసేపు బయటికి వెళ్లమంటావా? ఇక్కడ అత్తని కూడా పంపిస్తాను."

అక్క వంక చూశాడు. ఎప్పుడూ తొందరే కానీ నిదానం ఎరగని ఆ కళ్లలో ఏదో నిలకడ కనబడింది. ఆమెకి అది నచ్చింది, భయమూ వేసింది. మోడా మీద నుంచి లేచింది. లేచేముందు, ఏం నొక్కిందో ఏమో, పెంగ్విన్ డాన్సు మాత్రం ఆగిపోయింది. తలుపు దగ్గరగా వేసి మెట్ల మీద కూర్చుంది. కింద వీధిలో ఎవరో కారు కడుక్కుంటున్నారు. ఎండ గోడల మీది నుంచి దిగిపోతోంది.

ఒళ్లో ఫోన్ మోగింది. తెర మీద మరదలి పేరు కనబడింది. పేరు తీసెయ్యనూ లేదు, ఆ పేరు నుంచి ఇన్నాళ్లూ ఫోన్ రానూ లేదు.

"వదినా, నన్ను కూడా బయటికి గెంటేసింది" అంది మరదలు. "వరండాలో ఉన్నాను. మీరు?"

"మెట్ల మీద."

"లోపల ఏమంటున్నారు?"

"వినకూడదమ్మాయ్. వాళ్ల మాటలు వాళ్లవి."

"వినకూడదులెండి. వినబడుతోందా?"

బస్సక్క నవ్వుకుంది. ఈ మరదల్ని తను ఇంతగా తలుచుకుంటోందని ఇన్నాళ్లూ తనకే తెలియలేదు. "సెలవులకి పిల్లతో పాటు నువ్వూ రా. ఒక పూటుండి వెళ్దువుగాని" అంది, ఆలోచించకుండానే. అనేశాక తేలిగ్గా అనిపించింది.

"పిల్ల ఒప్పుకోవాలిగా" అంది మరదలు. ఆ గొంతులో వద్దన్న భావం మాత్రం లేదు. "ఇప్పుడైతే ఒప్పుకుంటుందనే అనిపిస్తోంది వదినా. దాని గొంతు విన్నారా? ఎన్నాళ్లకి నాన్న అంది!"

"ఎందుకు ఒప్పుకోదు? నేనే బండేసుకుని స్టేషన్‌కి వస్తాను, ఇద్దరినీ ఎక్కించుకోడానికి."

వెనక తలుపు సరిగ్గా పడలేదు. సందులోంచి తమ్ముడి గొంతు వచ్చింది. గట్టిగా లేదు, తొందరగానూ లేదు. ఒక్కో మాటా వెతికి పెట్టుకుంటున్నట్టు మాట్లాడుతున్నాడు.

"లేదు తల్లీ. నీ మీద కోపం కాదు. నువ్వు నాకు ఈ ఆట నేర్పినప్పటి నుంచీ ఇంత ఇష్టంగా ఏ సెలవుల కోసమూ ఎదురుచూడలేదు. కానీ డాక్టరు ఇవాళ చెప్పింది విన్నాక అంటున్నాను, ఈ సెలవులకి నువ్వు రావద్దు."

బస్సక్క ఫోన్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టింది.

"వదినా? ఏమంటున్నాడు?" అని అవతల మరదలు అడుగుతోంది. గొంతు నిండా సంతోషం. "పిల్ల వస్తానందా?"